ఓడినవాళ్ల లెక్కలు: మీకు తెలుసా?

గెలిచినవాళ్ల ఫొటోలు గోడలెక్కుతాయి, పూలదండలు మెడలోకి వెళ్తాయి. ఓడినవాళ్ల అంకెలు మాత్రం దస్త్రాల్లో పడి ఉంటాయి. వాటిని తిరగేస్తే ఎన్ని వింతలో! ఎక్కువగా అసెంబ్లీ ఎన్నికల్లోంచి ఏరిన కొన్ని ఇవిగో.

ముందు ఒక ప్రశ్న. ఒక్కటంటే ఒక్క ఓటుతో ఎమ్మెల్యే సీటు పోతుందా? ఎందుకు పోదు, పోయింది! 2004లో కర్ణాటకలోని సంతేమరహళ్లిలో ధ్రువనారాయణకు 40,752 ఓట్లొస్తే, ఎ.ఆర్.కృష్ణమూర్తికి 40,751 వచ్చాయి. పోలింగ్ రోజు కృష్ణమూర్తి కారు డ్రైవరుకే ఓటు వేసే తీరిక దొరకలేదని తర్వాత జనం చెప్పుకొన్నారు.

ఐదేళ్లు తిరక్కుండానే రాజస్థాన్‌లోనూ అదే కథ! 2008లో నాథ్‌ద్వారాలో కల్యాణ్ సింగ్ చౌహాన్‌కు 62,216, సి.పి.జోషికి 62,215. జోషి అంటే అప్పటి రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు, ముఖ్యమంత్రి అవుతారని పేరు వినిపించిన మనిషి. పట్టు వదల్లేదు. 2018లో అదే నాథ్‌ద్వారా నుంచి గెలిచి ఏకంగా శాసనసభ స్పీకరయ్యారు.

మన దగ్గరా ఉంది. 2019లో విజయవాడ సెంట్రల్‌లో బొండా ఉమామహేశ్వరరావు ఓడింది 25 ఓట్లతో. అటు వేసిన 13 మంది ఇటు వేసి ఉంటే ఫలితం తలకిందులయ్యేది. మన షేర్ ఆటోలో ఒక్క ట్రిప్పుకి ఎక్కే జనమన్నమాట!

మరి ఇద్దరికీ సమానంగా ఓట్లొస్తే? మన చట్టం ప్రకారం లాటరీయే! చీటీలో ఎవరి పేరొస్తే వాళ్లకు ఇంకో ఓటు అదనంగా పడినట్టు లెక్క వేసుకుంటారు.

ఇది మన దగ్గరి ముచ్చటే అనుకుంటున్నారా? అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 2017లో శాసనసభ సీటుకి పోటీ చేసిన షెల్లీ సైమండ్స్‌కు, డేవిడ్ యాన్సీకి చెరి 11,608 ఓట్లు వచ్చాయి. గిన్నెలోంచి పేరు తీశారు, సైమండ్స్ ఓడిపోయారు. ఆ ఒక్క సీటుతో యాన్సీ పార్టీ అయిన రిపబ్లికన్లకు 51–49 ఆధిక్యం మిగిలింది. 2019లో ఆవిడే మళ్లీ పోటీ చేసి, ఈసారి గిన్నెతో పని లేకుండా గెలిచారు.

అభ్యర్థి తన ఓటు తనకే వేసుకోలేని సందర్భం ఉంటుందని తెలుసా? అసెంబ్లీకి ఆ రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా, మరో నియోజకవర్గంలో పోటీ చేయవచ్చు. కానీ ఓటు మాత్రం తన పేరు నమోదైన చోటే వేయాలి!

ఇక తమిళనాడులోని మొడకురిచ్చి సంగతి. 1996 అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడి అభ్యర్థులు ఎందరో ఊహించండి. ఇరవై? యాభై? మొత్తం 1,033 మంది! తమ గోడు ఎవరూ పట్టించుకోవడం లేదని రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. గెలిచింది సుబ్బులక్ష్మి జగదీశన్. ఓడిన 1,032 మందిలో 88 మందికి ఒక్క ఓటూ పడలేదు. అందులో అక్కడే ఓటున్నవాళ్లు ఆ ఓటు ఎవరికి వేశారో మరి!

అదే ఏడాది మన నల్లగొండలో లోక్‌సభ సీటుకి 480 మంది నిలబడ్డారు, ఫ్లోరైడ్ నీళ్ల బాధ దేశానికి తెలియాలని. ఇలాంటి పోటీల తర్వాతే అసెంబ్లీ అభ్యర్థి కట్టాల్సిన ధరావతు 250 రూపాయల నుంచి ఒక్కసారిగా 5,000కి ఎగబాకింది. అంటే 20 రెట్లు! ఇప్పుడది 10,000, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం.

ఆ డబ్బు తిరిగి రావాలంటే పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటాలి. సరిగ్గా ఆరో వంతు దగ్గర ఆగిపోతే చెల్లదు! 1,20,000 ఓట్లలో 20,000 వస్తే ధరావతు గల్లంతు, 20,001 వస్తే భద్రం.

ధరావతు పోగొట్టుకోవడమే హాబీ అయినవాళ్లూ ఉన్నారు. బరేలీకి చెందిన కాకా జోగీందర్ సింగ్, జనం పిలుచుకున్న పేరు 'ధర్తీ పకడ్', 300కు పైగా ఎన్నికల్లో ఓడారు. పోయిన ధరావతు దేశ ఖజానాకు తన వంతు చందా అనేవారట!

ఆ బాటలోనే తమిళనాడు మేట్టూరుకు చెందిన కె.పద్మరాజన్. టైర్ల దుకాణం నడిపే ఈయన 1988లో మేట్టూరు అసెంబ్లీ స్థానంతో మొదలుపెట్టారు. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి ఆయన చెప్పే లెక్క 238 ఓటములు. వాజ్‌పేయి, పీవీ నరసింహారావు, జయలలిత, కరుణానిధి, ఎవరినీ వదల్లేదు. ఇంతకీ ఆయనకు జీవితంలో వచ్చిన అత్యధిక ఓట్లెన్ని? 2011లో మేట్టూరు అసెంబ్లీకి 6,273. మిగతావన్నీ అంతకన్నా తక్కువే. అయినా ఆయన ముఖంలో నవ్వు తగ్గదు. గెలిస్తే ఏం చేయాలో తెలియక కంగారు పడతారేమో అని నాకు అనుమానం!

ఇక పెద్దల ఓటములు చూడండి. కింగ్‌మేకర్ అనిపించుకున్న కామరాజ్ 1967లో సొంతగడ్డ విరుదునగర్‌లో 1,285 ఓట్లతో ఓడారు. ఓడించింది ఒక విద్యార్థి నాయకుడు, పి.సీనివాసన్.

ఎన్టీఆర్ కూడా ఓడారని ఈ తరం పిల్లల్లో ఎందరికి తెలుసు? 1989లో హిందూపురంలో గెలిచారు, కల్వకుర్తిలో మాత్రం చిత్తరంజన్ దాస్ చేతిలో 3,568 ఓట్లతో ఓడారు. అప్పుడాయన ముఖ్యమంత్రి!

కేసీఆర్ మొదటి పోటీ ఓటమే. 1983లో సిద్దిపేటలో అనంతుల మదన్ మోహన్ చేతిలో 877 ఓట్ల తేడాతో ఓడారు. 40 ఏళ్ల తర్వాత, 2023లో కామారెడ్డిలో మళ్లీ ఓడారు. అక్కడి విచిత్రం ఏమిటంటే, రెండో స్థానంలో నిలిచింది అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, మూడో స్థానంలో నిలిచింది కాబోయే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి! ఇద్దర్నీ ఒకేసారి ఓడించిన బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకట రమణారెడ్డి ఆధిక్యం 6,741.

నారా లోకేశ్ 2019లో మంగళగిరిలో 5,337 ఓట్లతో ఓడి, 2024లో అక్కడే 91,413 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఓటమికి 17 రెట్ల వడ్డీ! పవన్ కల్యాణ్ 2019లో భీమవరం, గాజువాక రెండు చోట్లా ఓడి, 2024లో పిఠాపురంలో 70,279 ఆధిక్యంతో గెలిచి ఉప ముఖ్యమంత్రి అయ్యారు.

ఓడినా ముఖ్యమంత్రి కుర్చీ పోనివాళ్లూ ఉన్నారు. 2021లో నందిగ్రామ్‌లో మమతా బెనర్జీ 1,956 ఓట్లతో, 2022లో ఖటీమాలో పుష్కర్ సింగ్ ధామీ ఓడినా ముఖ్యమంత్రులయ్యారు, ఆరు నెలల్లోపు ఉప ఎన్నికలో గెలిచి నిలదొక్కుకున్నారు.

అన్నిటికన్నా మనసు చివుక్కుమనేది మణిపూర్ అంకె. పదహారేళ్లు నిరాహార దీక్ష చేసిన ఇరోమ్ షర్మిలకు 2017లో తౌబాల్‌లో పడిన ఓట్లు 90. అదే చోట నోటాకి 143!

అబ్రహాం లింకన్ తొలి ఎన్నికా ఓటమే. 1832లో ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభకు 13 మందిలో ఎనిమిదోవాడు! కానీ ఆయన నివసించే న్యూ సేలమ్‌లో పడిన 300 ఓట్లలో 277 ఆయనవే. తెలిసినవాళ్లంతా వేశారు, తెలియనివాళ్లు వేయలేదు, అంతే.

సరే, ఇప్పుడు మీ వంతు. మీ నియోజకవర్గంలో పోయినసారి గెలిచిందెవరో ఠక్కున చెబుతారు, నాకు తెలుసు. మూడో స్థానంలో నిలిచిందెవరో చెప్పండి చూద్దాం!