ఏ పేరుతో వెతకాలి?

లండన్ నగరానికి పశ్చిమాన, థేమ్స్ నది ఒడ్డున రన్నీమీడ్ కొండపై ఒక స్మారక మందిరం ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటన్, ఐరోపా స్థావరాల నుంచి పనిచేస్తూ మరణించి, సమాధి అంటూ లేకుండా పోయిన 20,000 మందికి పైగా వాయుసైనికుల పేర్లు దాని గోడలపై చెక్కబడి ఉన్నాయి. వాటిలో ఒకటి ఇనాయత్ ఖాన్. ఆమె విమానం నడిపిన వ్యక్తి కాదు, వైర్‌లెస్ ఆపరేటరు. బరోడాకు చెందిన సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు హజ్రత్ ఇనాయత్ ఖాన్ పెద్ద కుమార్తె. టిప్పు సుల్తాన్ వంశంతో బంధుత్వం గల కుటుంబం. ఆ గోడపైకి ఆమె పేరు చేరకముందు, ఆమె ఎక్కడ, ఎప్పుడు మరణించిందన్న ప్రశ్నకు ప్రభుత్వం ఆ కుటుంబానికి ఇచ్చిన మొదటి జవాబు తప్పు.

నూరున్నిసా 1914 జనవరి 1న మాస్కోలో జన్మించి పారిస్ సమీపంలో పెరిగింది. తండ్రి 1927లో కన్నుమూశారు. 1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్‌ను సమీపిస్తుండగా ఆమె తల్లితోనూ, తమ్ముడు విలాయత్‌తోనూ, చెల్లెలితోనూ ఇంగ్లండు చేరుకున్నది. అదే ఏడాది నవంబరులో మహిళా సహాయక వాయుసేనలో చేరి వైర్‌లెస్ శిక్షణ పొందింది. ఫ్రెంచి భాష మాతృభాషవలె వచ్చినందున రహస్య విభాగం దృష్టి ఆమెపై పడింది. 1943 జూన్ 16 రాత్రి చిన్న లైసాండర్ విమానంలో ఆమెను ఫ్రాన్సులో దించారు. ఆక్రమిత ఫ్రాన్సుకు ఆ విభాగం పంపిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటరు ఆమెయే. కొద్ది రోజులకే సహచరులు వరుసగా పట్టుబడ్డారు. తిరిగి వచ్చేయమని లండన్ సూచించినా రాలేదు. అక్టోబరులో ఎవరో ఇచ్చిన సమాచారంతో ఆమెను బంధించారు. రెండుసార్లు తప్పించుకునే ప్రయత్నం చేయడంతో జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ జైలుకు పంపి, సంకెళ్లు వేసి ఒంటరి గదిలో ఉంచారు.

యుద్ధం ముగిసింది. ఆమె రాలేదు. ఆమెను పంపిన విభాగానికి చెందిన అధికారిణి వేరా ఆట్కిన్స్, తిరిగిరాని ఏజెంట్ల జాడ కనుగొనడానికి 1946లో జర్మనీ వెళ్లారు. జైలు సిబ్బందిని, శిబిరాల కాపలాదారులను ప్రశ్నించి, నాట్జ్‌వైలర్ శిబిరంలో 1944 జూలై 6న హతులైన నలుగురు మహిళలలో నూర్ ఒకరని నిర్ధారించారు. పోలికల వర్ణన ఆధారంగా చేసిన నిర్ధారణ అది. కుటుంబానికీ ఆ మాటే అందింది. మృతురాలు నిజానికి మరొక స్త్రీ.

ఆ పొరపాటును దిద్దింది ఏ ఫైలూ కాదు, ఒక అన్నం గిన్నె. ఫోర్జ్‌హైమ్ జైలులో ఖైదీలు ఒకరితో ఒకరు మాట్లాడుకోరాదు. అయినా తిండి గిన్నెల అడుగున అక్షరాలు గీకి వార్తలు పంపుకునేవారు. ఆ విధంగా నూర్ తన పేరు నోరా బేకర్ అనీ, తన ఇల్లు లండన్‌లోని టావిటన్ వీధిలో 4వ నంబరు అనీ తెలియజేసింది. బేకర్ అన్నది ఆమె తల్లి పుట్టింటి పేరు. అక్కడి నుంచి ప్రాణాలతో బయటపడిన ఫ్రెంచి ఖైదీ యోలాండ్ లాగ్రావ్ యుద్ధానంతరం ఈ సంగతి వెల్లడించారు. 1944 సెప్టెంబరు వరకు ఫోర్జ్‌హైమ్‌లో జీవించి ఉన్న మనిషి జూలైలో మరొకచోట మరణించడం అసంభవం. మళ్లీ విచారణ జరిగింది. డఖావ్ శిబిరంలో 1944 సెప్టెంబరు 13న, మరి ముగ్గురు మహిళలతో పాటు ఆమెను కాల్చి చంపినట్లు తేలింది. 1949లో జార్జి క్రాస్ ప్రకటించారు. ఆ ప్రకటనలో ఉన్న పేరు నోరా ఇనాయత్ ఖాన్.

ఇంట్లో నూరున్నిసా, సేనలో నోరా, దొంగ గుర్తింపు పత్రాలలో జాన్‌మరీ రెనియే, రహస్య విభాగంలో మడ్‌లెన్, జైలులో నోరా బేకర్. ఒక్క ఆడపిల్లకు ఐదు పేర్లు! ఇంటి పేరొక్కటే తెలిసినవారు ఎన్ని గుమాస్తాల బల్లలు తిరిగినా ఆమెను చేరుకోలేరు.

మన పాఠకుల ఇళ్లలోనూ ఇటువంటి వెతుకులాట అవసరమైనవారు ఉన్నారు గనుకనే ఇంత వివరంగా చెప్పవలసి వచ్చింది. పాత ట్రంకు పెట్టెలో ఖాకీ దుస్తుల ఫోటో, నీలం, నారింజ, ఎరుపు చారల రిబ్బను, “దాదాగారు విమానాల సేనలో బర్మా వెళ్లారట” అన్న మాట తప్ప మరేమీ మిగలని కుటుంబాలు అవి. ఆ రిబ్బను బర్మా స్టార్ పతకానిది. 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 మధ్య బర్మా యుద్ధరంగంలో పనిచేసినవారికి దానిని ఇచ్చారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కోస్తా జిల్లాల నుంచి వేలాది మంది కూలికీ, వ్యాపారానికీ ఓడలెక్కి రంగూన్ వెళ్లిన కాలమది. కాబట్టి “బర్మాలో ఉండేవారు” అన్న మాట ఒక్కటే సైనిక సేవకు సాక్ష్యం కాదు. ఏ సంవత్సరంలో వెళ్లారన్నది ముందు తేల్చుకోవాలి.

రెండవ చిక్కు పేరు. సేనా గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసుకున్నాడు. ముహమ్మద్ అన్న శుభనామం ఒక కాగితంలో పూర్తిగా, మరొక కాగితంలో రెండు మూడు అక్షరాల పొడి గుర్తుగా ఉంటుంది. షేక్, సయ్యద్ అన్న మాటలను ఒకచోట ఇంటిపేరుగా, మరొకచోట అసలు పేరుగా ఎక్కించారు. తండ్రి పేరే ఇంటిపేరుగా మారిన సందర్భాలూ ఉన్నాయి. షేక్ మహబూబ్ అని వెతికితే వందల మంది ఎదురవుతారు. మారనిది సర్వీసు నంబరు ఒక్కటే. పెన్షను పుస్తకంలోనో, విడుదల పత్రంలోనో, ఫోటో వెనుకనో ఆ నంబరు దొరికితే సగం పని అయినట్లే.

1932 అక్టోబరు 8న స్థాపితమైన భారత వాయుసేనలో తొలి సాంకేతిక సిబ్బందిని ‘హవాయీ సిపాహీలు’ అనేవారు. ముసలివారి నోట ఆ మాట వినబడితే తేలికగా తీసివేయవద్దు. 1945 మార్చిలో ఆ సేనకు ‘రాయల్’ అన్న విశేషణం చేరింది. కాగితంపై ఆ మాట ఉన్నదా లేదా అన్నదానిని బట్టి కాలాన్ని అంచనా వేయవచ్చు.

హైదరాబాదు పేరు గల స్క్వాడ్రన్లు మరొక చిక్కు. 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళంతో విమానాలు సమకూరిన 110వ స్క్వాడ్రన్‌కూ, రెండవ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకూ బ్రిటిష్ వాయుసేన హైదరాబాదు పేరు జోడించింది. 152వ దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉన్నది. అయితే ఆ పేరు దాతకు దక్కిన గౌరవమే గాని, అందులో పనిచేసినవారు హైదరాబాదీలని అర్థం కాదు. 110, 152 స్క్వాడ్రన్లు తర్వాత బర్మా రంగానికి రావడంతో గందరగోళం మరింత పెరిగింది.

నిజంగా హైదరాబాదు బిడ్డ అయిన ఇద్రీస్ హసన్ లతీఫ్ జాడ మాత్రం తేటతెల్లం. 1942లో కమిషన్ పొంది, 1943–44లో బ్రిటన్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలపై శిక్షణ పొందిన కొద్దిమంది భారతీయ పైలట్లలో ఆయన ఒకరు. బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. దేశ విభజన వేళ ఇక్కడే ఉండిపోయి 1978లో వాయుసేనాధిపతి అయ్యారు. పైలట్ల సంగతి వేరు. ప్రతి పైలటూ తన ప్రయాణాలను లాగ్ బుక్కులో రాసుకోవాలి. స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలలో ఏ రోజు ఎవరు ఎగిరారో ఉంటుంది. లండన్‌లోని క్యూ ప్రాంతపు జాతీయ పత్రాగారంలో అవి భద్రంగా ఉన్నాయి. ఇంజన్లు విప్పి బిగించినవారు, బాంబులు మోసినవారు, వంటవారు ఆ పుస్తకాలలో పేరుపేరునా కనిపించడం అరుదు. మన ఇళ్ల నుంచి వెళ్లినవారి కోసం వెతికేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. వారి విషయంలో పత్రాగారం కన్నా ముందు ఆశ్రయించవలసినది ఢిల్లీ సుబ్రతో పార్కులోని వాయుసేన రికార్డుల కార్యాలయాన్ని. విభజన నాడు కొన్ని స్క్వాడ్రన్లు, వాటితో కొంతమంది సిబ్బంది పాకిస్తాన్‌కు వెళ్లిన మాట కూడా మరువరాదు.

తిరిగిరానివారి కోసమైతే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం పట్టికను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. బర్మాలో మరణించారు గనుక రంగూన్ వైపే వెతకడం సహజం. కాని దక్షిణ, తూర్పు ఆసియా గగనతలంలో అదృశ్యమై సమాధి లేని వాయుసైనికుల పేర్లు చెక్కినది సింగపూర్‌లోని క్రాంజీ స్మారకంపై. అక్కడ 24,000కు పైగా పేర్లున్నాయి. దాదాగారి పేరును ఎన్ని విధాలుగా రాయవచ్చునో ముందుగా ఒక కాగితంపై రాసుకుని, ఆ పట్టికను తెరవండి.