పాటలో వేగం ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

బూర్గంపాడులో సాయంత్రాలు కీబోర్డు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు కొత్త పాట ఎత్తుకోగానే అడిగే మొదటి మాట: "సార్, దీన్ని ఎంత స్పీడులో వాయించాలి?" వాళ్లకు కావాల్సింది ఒక నంబరు. చాలా కీబోర్డులు ఆన్ చేయగానే 120 చూపిస్తాయి, అంటే నిమిషానికి 120 దెబ్బలు. సగం మంది దానితోనే మొదలుపెట్టేస్తారు. ఆ నంబరుకు మీ పాటతో గానీ, మీ వేళ్లతో గానీ సంబంధం లేదు.

బీథోవెన్ 1810లో రాసిన ‘ఫర్ ఎలీస్’నే తీసుకోండి. పియానో ముట్టుకున్న ప్రతివాళ్లూ దాని మొదటి వరుస వాయిస్తారు, అదీ హుషారుగా. ఒక పేజీ దాటాక పాట ఎఫ్ మేజర్‌లోకి మారుతుంది. కాసేపటికి అక్కడ కుడిచేతి స్వరాలు మొదట్లో ఉన్నదానికి రెట్టింపు దగ్గరగా వస్తాయి. దెబ్బ మారదు, దెబ్బలో పట్టే స్వరాలు మారతాయి. దెబ్బ నిమిషానికి 60 అనుకుంటే మొదటి వరుసలో సెకనుకు రెండు స్వరాలు, ఇక్కడ నాలుగు. హుషారుగా 120లో ఎత్తుకున్నవాడు ఇక్కడ సెకనుకు ఎనిమిది వాయించాలి. వేళ్లు తడబడతాయి, పాట కుంటుతుంది. పిల్లలు తమకు ఆ భాగం రాదనుకుంటారు. నేనైతే తప్పు మొదటి బార్‌లోనే, అంటే దెబ్బల మొదటి గుంపులోనే, జరిగిందంటాను.

సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీ మలుపు దగ్గర నెమ్మదిస్తుంది, దాటాక మళ్లీ అందుకుంటుంది. లయకు ఆ వీలు లేదు. అందుకే పాటలో అన్నిటికంటే కష్టమైన రెండు బార్లు ముందుగా వెతకండి. అవి ఏ వేగంలో తప్పులేకుండా వస్తాయో, ఆ రోజుకు పాట మొత్తానికీ అదే వేగం.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. సరళీ వరుసలు మూడు కాలాల్లో పాడేటప్పుడు ఆది తాళం మారదు. మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. తాళం 60లో ఎత్తుకుంటే మూడో కాలానికి నిమిషానికి 240 స్వరాలు పలకాలి. 40లో ఎత్తుకుంటే 160 చాలు. మూడో కాలం మనసులో ఉన్న గురువు మొదటి కాలాన్ని తీరిగ్గా ఎత్తుకుంటారు. మొదటి కాలం అంత మెల్లగా ఎందుకని విసుక్కునే పిల్లవాడికి కారణం మూడో కాలంలోకి వెళ్లాక గానీ తెలియదు.

సరే, తప్పులేకుండా రావడమంటే ఏమిటి? తప్పు మీట నొక్కడం ఒక్కటే తప్పు కాదు. తర్వాతి స్వరం కోసం ఒక్క క్షణం ఆగినా తప్పే. నేను పిల్లలను స్వరాల పేర్లు గట్టిగా చెబుతూ వాయించమంటాను. నోరు వేలికంటే ముందుంటే వేగం సరైనది. వేలు నొక్కాక నోరు పేరు వెతుక్కుంటుంటే వేగం ఎక్కువైంది. వేలికి మంచి చెడు తెలియదు, పదిసార్లు ఏది చేస్తే అదే నేర్చుకుంటుంది. తొందరలో పదిసార్లు తడబడితే ఆ తడబాటునూ అంతే శ్రద్ధగా నేర్చుకుంటుంది. దాన్ని మాన్పించడం కొత్తది నేర్పడం కంటే కష్టం. మూడుసార్లు వరసగా శుభ్రంగా వచ్చాక నాలుగైదు అంకెలు పెంచండి. చెడితే పది తగ్గించండి.

పియానో దిగ్గజం రాక్మనినోవ్ అంతటివాడు షోపెన్ ఎట్యూడ్ (సాధన కోసం రాసిన పాట) ఒకటి వాయిస్తుండగా, అబ్రం చేసిన్స్ అనే పియానిస్టు గది బయట నిలబడి విన్నాడట. ఒక్కో బార్‌కు దాదాపు 20 సెకన్లు. అది ఏ పాటో పోల్చుకోవడానికే ఆయనకు కొంతసేపు పట్టింది. అదే నడకలో ఇంచుమించు గంటసేపు సాగింది.

అయితే మెల్లగా వాయిస్తూ పోతే వేగం దానంతట అదే వస్తుందనుకోకండి. సైకిలును మరీ మెల్లగా తొక్కితే పడిపోతుంది, మెల్లగా తొక్కడం వేరే విద్య. వేళ్లకూ అంతే. స్కేలులో బొటనవేలు మిగతా వేళ్ల కింద నుంచి దాటాలి. మెల్లగా వాయించేటప్పుడు అది చివరి క్షణం దాకా బద్ధకంగా ఆగినా గడుస్తుంది. వేగంలో చూపుడువేలు మీట మీద ఉండగానే అది ప్రయాణం మొదలుపెట్టాలి. కాబట్టి రోజూ కాసేపు నాలుగే నాలుగు స్వరాలు, వాటి తర్వాతి ఒక్క స్వరంతో కలిపి, అసలు వేగంలో వాయించి ఆగండి. చేయి వదులు చేయండి. తర్వాతి నాలుగు తీసుకోండి. చిన్న ముక్క కాబట్టి మనసు దాన్ని ఒకే గుక్కలో పట్టుకోగలదు. ముక్కలను అతికేటప్పుడు మళ్లీ మెల్లటి వేగమే.

రాత్రి విసుగొచ్చేదాకా కూర్చోవద్దని కూడా చెబుతాను. 2002లో నిద్ర మీద పరిశోధన చేసే మాథ్యూ వాకర్ బృందం కొందరితో వేళ్లతో ఒక అంకెల వరుసను పదేపదే కొట్టించింది. ఒక రాత్రి నిద్ర తర్వాత వాళ్ల వేగం దాదాపు 20 శాతం పెరిగింది. శుభ్రంగా వచ్చిన ఒక్కసారితో ఆపి పడుకోండి, ఉదయం మళ్లీ చూడండి.

శ్రీరామనవమికో, పెళ్లికో, చర్చిలోనో నలుగురి ముందు వాయించే రోజు ఇంకో చిక్కు ఉంటుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చేయి దాని వెంట పడుతుంది. అందుకే మీట నొక్కే ముందు మొదటి వరుసను తలచుకోవద్దు. ఆ కష్టమైన రెండు బార్లను మనసులో ఒకసారి పాడుకుని, అదే దెబ్బ మీద ఎత్తుకోండి.