పాత కారులో పంకా ఏల తిరుగదు?

రోహిణికార్తెలో కోట నుండి గూడూరునకు పాత కారులో పోవునప్పుడు లోపలి పంకా నిలిచిపోయినచో ఉక్క భరింపరానిదగును. కాని ఇది సుఖమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. నెల్లూరు తీరమున అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వానలు కురియును. అప్పుడు మన ఊపిరిలోని నీటియావిరి ముందరి అద్దముపై పట్టి దారి కనబడనీయదు. దానిని తొలగించునది కూడ ఈ పంకాయే. మెకానిక్కులు దీనిని బ్లోయరు అందురు.

సామాన్యముగా 12 వోల్టుల బ్యాటరీ నుండి విద్యుత్తు ఫ్యూజు, స్విచ్చి, నిరోధకముల గుండా మోటారును చేరి, కారు ఇనుప దేహము ద్వారా తిరిగి బ్యాటరీకి వచ్చును. ఈ వలయము ఎచ్చట తెగినను పంకా తిరుగదు.

వేగము తగ్గించుటకే నిరోధకము కలదు. ఉదాహరణకు, నిరోధము 2 ఓములు, ప్రవాహము 4 ఆంపియర్లు అనుకొందము. ఓమ్ సూత్రము ప్రకారము 8 వోల్టులు నిరోధకములోనే ఖర్చగును. మోటారునకు మిగులునవి 4 వోల్టులే. కనుక అది మెల్లగా తిరుగును. నిరోధకములో 32 వాట్ల వేడి పుట్టును. ఆ వేడి పోవుటకై దానిని పంకా గాలి తగులుచోటనే అమర్చుదురు. గాలి ఆడనిచో అది మాడిపోవును. పూర్తి వేగమున మాత్రము విద్యుత్తు నిరోధకమును తప్పించుకొని నేరుగా మోటారును చేరును.

ఇక లక్షణములను బట్టి లోపమును కనుగొందము.

1. పూర్తి వేగమున తిరిగి, తక్కువ వేగములలో తిరుగనిచో లోపము చాలవరకు నిరోధకములోనే ఉండును. క్రొత్త మోటారు కొనుట వృథా వ్యయము.

2. ఏ వేగమునను తిరుగనిచో మొదట ఫ్యూజును చూడవలయును. అది బాగున్నచో, స్విచ్చిని పూర్తి వేగమున ఉంచి, 12 వోల్టుల చిన్న బల్బును మోటారు రెండు తీగల నడుమ తగిలింపవలయును. బల్బు బాగుగ వెలిగినచో లోపము మోటారులోనిది. తరచుగా అరిగిన కార్బన్ బ్రష్షులు కారణము. వెలుగనిచో తీగలను, స్విచ్చిని, దేహముతో కలుపు బిగింపును పరీక్షింపవలయును.

3. అన్ని వేగములలోను మందముగా తిరిగినచో కలుపుళ్లను చూడుడు. సముద్రపు ఉప్పుగాలికి రాగిపై పచ్చని చిలుము పట్టును. చిలుము నిరోధము అర ఓము, ప్రవాహము 10 ఆంపియర్లు అయినచో 5 వోల్టులు అచ్చటనే నష్టమగును. 50 వాట్ల వేడికి ప్లాస్టిక్కు కరుగును.

4. పంకా చప్పుడు వినబడుచు గాలి రానిచో లోపము విద్యుత్తుది కాదు. జల్లెడలోనో, శీతలీకరణ గొట్టముల రెక్కలలోనో దుమ్ము, ఆకులు అడ్డుపడి యుండును.

తీగలు విప్పుటకు ముందు తాళపుచెవి తీసి, బ్యాటరీ తీగను ఊడదీయవలయును. పరీక్షకై మాత్రమే మరల తగిలింపవలయును. మాడిన ఫ్యూజునకు బదులు అదే ఆంపియర్లు గల ఫ్యూజునే వాడవలయును. రాగితీగ చుట్టినచో ఫ్యూజునకు బదులు కారు తీగలే మాడి నిప్పంటుకొనవచ్చును. క్రొత్త ఫ్యూజు కూడ వెంటనే మాడినచో ఎచ్చటనో తీగ దేహమును తాకుచున్నదనియో, మోటారు బిగుసుకొన్నదనియో గ్రహింపవలయును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక బొమ్మ మోటారును రెండు టార్చి బ్యాటరీలతో త్రిప్పి, పిదప టార్చి బల్బునొకదానిని శ్రేణిలో కలుపుడు. మోటారు వేగము తగ్గును. ఆ బల్బును ఊడదీసినచో మోటారు ఆగిపోవును. బల్బున్న చోట తీగతో కలిపినచో మరల పూర్తి వేగమున తిరుగును. పాత కారు పంకాలోని మర్మమంతయు ఇదియే.