రంగోలీ ఎందుకు దొరకలేదంటే...

2019 దీపావళికి మన దేశంలో ఓ చిత్రమైన కరువొచ్చింది. నూనెకు కాదు, మతాబులకూ కాదు, రంగోలీకి! గూగుల్ పే వాళ్ళు ఫోన్లో దీపం, పువ్వు, జుంకా, లాంతరు, రంగోలీ అని అయిదు స్టాంపులు పెట్టి, అయిదూ పోగుచేస్తే 251 రూపాయలిస్తామన్నారు. మిగతావి ఎలాగో చేరేవి. రంగోలీ కోసం మాత్రం జనం ఎన్నడూ పలకరించని బంధువులకి కూడా ఫోన్లు చేశారు.

దురదృష్టం అనుకోకండర్రా, ఇది లెక్క. ముందు అయిదూ సమానంగా దొరికేవే అనుకుందాం. మొదట ఏదొచ్చినా కొత్తదే. నాలుగు చేతికొచ్చాక? ప్రతిసారీ అయిదింట ఒక వంతే అవకాశం. అంటే ఆ ఒక్కదానికే సగటున ఇంకో అయిదు ప్రయత్నాలు. మొత్తం పని దాదాపు పదకొండున్నర ప్రయత్నాలైతే, అందులో అయిదు ఆఖరిదే మింగేస్తుంది. మా చిన్నప్పటి అగ్గిపెట్టె బొమ్మలదీ ఇదే తంతు: ఒకే బొమ్మ పదిసార్లు, కావలసింది ఒక్కసారీ రాదు. అయితే అప్పుడు పక్కింటివాడితో మార్చుకునేవాళ్ళం. నాకు ఎక్కువైనది వాడికి లేనిదయ్యేది.

ఆ మార్పిడి కూడా పనిచేయని పండుగ ఒకటి చైనాలో జరిగింది. 2016 వసంతోత్సవానికి, అంటే వాళ్ళ కొత్త సంవత్సరానికి, అలీపే 'అయిదు శుభాల' కార్డులు పంచింది. దేశభక్తి, సంపద, సామరస్యం, స్నేహం, వృత్తినిష్ఠ. ఈ చివరిది దాదాపు ఎవరి దగ్గరా లేదు! అందరికీ లోటు ఒకటే అయినప్పుడు ఎవరితో ఏం మార్చుకుంటారు? కోట్లమంది ఆడితే అయిదూ కూడినవాళ్ళు 8 లక్షలలోపే. 21.5 కోట్ల యువాన్లు వాళ్ళు పంచుకుంటే తలా 271.66 యువాన్లు, అప్పటి లెక్కలో మన 2,800 రూపాయల దాకా. మరుసటేడు ఫోను కెమెరాని గుమ్మానికంటించిన 'శుభం' అనే చైనా అక్షరం మీద పెడితే కార్డు వచ్చేలా చేశారు. ఆ ఆలోచన మాత్రం నాకు భలే నచ్చింది. పండుగ మళ్ళీ గుమ్మందాకా వచ్చింది కదా!

అసలు విడ్డూరం చెప్తా. అగ్గిపెట్టె బొమ్మకి కాగితం కావాలి, రంగు కావాలి. ఫోన్లో రంగోలీకి ఏం ఖర్చు? ఒకటి చేసినా కోటి చేసినా దాదాపు ఒకటే. కాబట్టి అందరికీ ఒకే బొమ్మ దొరక్కపోతే, ఆ కరువు ప్రకృతిది కాదు, ఎక్కడో సర్వర్లో ఎవరో రాసిన అంకెది. డీసెంట్రాలాండ్ లాంటి ఆన్‌లైన్ మాయాలోకాల్లో అమ్మే ఎన్‌ఎఫ్‌టీ (యజమాని పేరు చిట్టాకెక్కే డిజిటల్ వస్తువు) టోపీలూ చొక్కాలూ అంతే. బొమ్మని ఎవరైనా కాపీ కొట్టొచ్చు, 'ఇది ఫలానావారిది' అని అందరికీ కనబడే చిట్టాలో ఉన్న పద్దు మాత్రం ఒక్కటే.  

ఈసారి పండక్కి ఇలాంటిదేదైనా ఫోన్లో వస్తే, ఆఖరి బొమ్మని నూటికొకటి వదులుతున్నారో లక్షకొకటో నిబంధనల్లో రాశారేమో చూసి చెప్పండర్రా. నూటికొకటైతే సగటున వంద ప్రయత్నాలు. లక్షకొకటైతే నన్ను లేపకండి.