హాస్కెల్ భాషలో రెండు చుక్కల తగాదా

"ఇన్ని కంప్యూటర్ భాషలుండగా ఇంకొకటెందుకండీ?" అని అడిగే మిత్రులకు ముందుగానే ఒక మనవి. 1987 సెప్టెంబరులో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో ఒక సభకు చేరిన శాస్త్రజ్ఞుల బాధ కూడా ఇదే. ఒకే తరహా భాషలు అప్పటికే డజనుకు పైగా ఉన్నాయి, ఎవరి భాష వారిదే. అందరికీ కలిపి ఒక్కటి చేద్దామని కమిటీ వేసుకున్నారు. తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కరీ పేరు దానికి పెట్టారు. మొదటి నివేదిక 1990 ఏప్రిల్ 1న వచ్చింది.

కమిటీ అన్నాక తగాదాలు తప్పవు గదా! మా ఊళ్ళో చెరువు మరమ్మతుకి ఎంత ఖర్చో అయిదు నిమిషాల్లో తేలుతుంది. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలనేది మాత్రం అర్ధరాత్రి దాకా నడుస్తుంది. కమిటీ సభ్యుడైన ఫిలిప్ వాడ్లర్ ఈ సంగతినే లెక్క కట్టి చెప్పాడు. భాష అర్థం మీద చర్చకి ఒక వంతు కాలం పడితే, వాక్యనిర్మాణం మీద రెండు వంతులు, అక్షరాల కూర్పు మీద నాలుగు వంతులు, వ్యాఖ్యలు రాసే గుర్తుల మీద ఎనిమిది వంతులు పడుతుందట! నవ్వులాటకన్నా అందులో నిజం చాలా ఉంది.

చుక్కల సంగతే చూడండి. ఎం.ఎల్. అనే పాత భాషలో టైపు చెప్పడానికి ఒక జంట చుక్క (:), జాబితాకి ముందు ఒక అంశం తగిలించడానికి రెండు (::). హాస్కెల్‌లో ఇది సరిగ్గా తలకిందులు. మిరాండా అనే భాషలో ఎలా ఉందో అలాగే ఉంచారు. ఇప్పుడు హాస్కెల్ రాసేవాళ్ళు దాదాపు ప్రతి పెద్ద ఫంక్షనుకీ టైపు రాస్తారు కనుక ఆ రెండు జంట చుక్కలూ రోజంతా కొడుతూనే ఉండాలి. విసుగే, కాదనను. కాని దానివల్ల ఎవరి లెక్కా తప్పదు.

లెక్క తప్పేది టైపుల దగ్గర. టైపు అనగా ఈ విలువ ఏ జాతిదో చెప్పే గుర్తు. మా వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, క్వింటాలంటే 100 కిలోలు. బస్తా ధరా, క్వింటాలు ధరా రెండూ అంకెలే. మామూలుగా రాసిన ప్రోగ్రాం రెంటినీ కలిపి కూడేసి ఊరుకుంటుంది. కాటా దగ్గర తేడా వస్తే రైతు నోరు పెట్టుకుని అడుగుతాడు, యంత్రం అడగదు. హాస్కెల్‌లో ఆ రెంటినీ వేర్వేరు టైపులుగా ప్రకటించవచ్చు. పొరపాటున కలిపితే ప్రోగ్రాం కంపైలే కాదు.

ఇక అసలు చిక్కు. "ఇవి రెండూ సమానమేనా?" అని అడిగే గుర్తు (==) ఏ టైపులకి పనిచేయాలి? అంకెలకి సరే, జాబితాలకీ సరే. రెండు ఫంక్షన్లు అన్ని విలువలకీ ఒకే జవాబిస్తాయా అన్నది ఏ యంత్రమూ ప్రతిసారీ తేల్చలేదు. మిరాండాలో అలా అడిగితే ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. స్టాండర్డ్ ఎం.ఎల్. వాళ్ళు సమానత్వానికని ప్రత్యేకంగా ఒక గుర్తు పెట్టుకున్నారు. వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ 1989లో ప్రచురించిన ఉపాయం వేరు. ఆ షరతుని టైపులోనే రాసేద్దామన్నారు: "పోలిక తెలిసిన టైపు అయితేనే ఈ ఫంక్షను." దీనికే టైప్ క్లాస్ అని పేరు. కోత మిషను అద్దెకి తీసుకుంటే డ్రైవరు వెంట వచ్చినట్టు, ఫంక్షనుకి మనమిచ్చే విలువలతోపాటు, వాటిని పోల్చే పద్ధతి రాసిన చిన్న పట్టికని కంపైలరు చాటుగా పంపిస్తుంది.

సమానత్వం, అంకెల కూడికలు, ఇంతే వాళ్ళ మొదటి ఉద్దేశం. తర్వాత హాస్కెల్‌లో సగం భవనం దీనిమీదే లేచింది. రస్ట్ భాషలోని ట్రెయిట్లకీ ఇదే ప్రేరణ.

అయితే టైపుల మీద గట్టి తగాదా రాలేదనుకోకండి. 2015లో జీ.హెచ్.సీ. కంపైలరు 7.10 వచ్చినప్పుడు రానే వచ్చింది. అంతకుముందు 'లెంగ్త్' అనే ఫంక్షను జాబితాల పొడవు మాత్రమే చెప్పేది. లోపల విలువలు దాచుకునే ఏ నిర్మాణానికైనా పనిచేసేట్టు దాన్ని విస్తరించారు. మంచిదే, ఒక్కో నిర్మాణానికి ఒక్కో లెంగ్త్ పెట్టుకుని పేర్లు ఢీకొనే బాధ తగ్గింది. కాని (3, 4) అనే జతని దానికిస్తే జవాబు 2 కాదు, 1! జతలో మొదటిది టైపులో భాగం, రెండోదే లోపలి సరుకు అని నియమం. నియమం ప్రకారం సరైనదే, విన్నవాడు మాత్రం గతుక్కుమంటాడు.

విస్తరణ కోరినవారి వాదంలో బలం లేకపోలేదు. అయినా నా ఓటు వద్దన్నవారికే. జాబితా ఇవ్వాల్సిన చోట పొరపాటున జత ఇస్తే పాత పద్ధతిలో కంపైలరు అక్కడే పట్టుకునేది. బస్తానీ క్వింటాలునీ కలవనివ్వకూడదనే గదా ఇంత టైపుల తతంగం? అన్నిటినీ లోపలికి రానిచ్చే వాకిలికి కాపలావాడెందుకు? ఆ మార్పు మాత్రం వెనక్కి పోలేదు. ఈ రోజు కూడా జతని లెంగ్త్‌కి ఇచ్చి చూడండి, కంపైలరు ఆపదు, 1 అని వస్తుంది.