నడిచేవాడి చలి, కూర్చునేవాడి చలి

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఏటా థాంక్స్‌గివింగ్ పండుగకు ముందొచ్చే శనివారం నుంచి తొమ్మిది రోజుల పాటు తుపాకీతో జింకల వేట సాగుతుంది. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి ఈ మాట మనకు కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. అక్కడ తెల్లతోక జింకల సంఖ్య ఎక్కువ, వేటకు లైసెన్సులు ఇచ్చేది కూడా ప్రభుత్వమే. ఆ మంచిచెడ్డల జోలికి ఇక్కడ పోవడం లేదు. నా ఆసక్తి అంతా ఆ వేటగాడి బట్టల మీద. చలికాలపు దుస్తుల శాస్త్రానికి ఇంతకంటే కఠినమైన పరీక్ష దొరకడం కష్టం.

వేటగాడు చీకటితోనే బయల్దేరతాడు. బరువైన బూట్లు, భుజాన సంచి, తుపాకీ. మంచులో కిలోమీటరో రెండో నడిచి, చెట్టుకు పదిహేను ఇరవై అడుగుల ఎత్తున బిగించిన మంచె ఎక్కుతాడు. ఆ తర్వాత మూడు నాలుగు గంటలు కదలకుండా కూర్చోవాలి. చలేస్తే మనమైతే చేతులు రుద్దుకుంటాం, కాళ్లు ఆడిస్తాం, లేచి నాలుగు అడుగులు వేస్తాం. అతడికి ఆ వీలు లేదు. చిన్న కదలికనైనా పసిగట్టడంలో జింక కళ్లు దిట్ట.

కుదురుగా కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది. అదే మనిషి బరువు మోస్తూ మంచులో ఎగువకు నడిస్తే అది 400 వాట్లు దాటుతుంది. బట్టలు ఆపగలిగే వేడిని కొలవడానికి 1941లో గాగీ, బర్టన్, బాజెట్ అనే శాస్త్రవేత్తలు ‘క్లో’ అనే కొలమానాన్ని తెచ్చారు. 21 డిగ్రీల గదిలో కూర్చున్న మనిషికి హాయిగా ఉండేందుకు సరిపోయే దుస్తులు, అంటే దాదాపు ఒక సూటు, ఒక క్లో. నవంబరు తెల్లవారుజామున విస్కాన్సిన్ ఉత్తరాన మైనస్ 5 డిగ్రీలు మామూలే. ఆ చలిలో నడిచేవాడికి ఎంత కావాలో లెక్క వేస్తే ఒక క్లో దగ్గర తేలుతుంది. కూర్చున్నవాడికి నాలుగు నుంచి అయిదు క్లోలు. అంటే ఇంటి దగ్గరే అన్నీ తొడుక్కుని బయల్దేరినవాడు నాలుగు సూట్లు వేసుకుని కొండెక్కుతున్నట్టే. పది నిమిషాల్లో ఒళ్లు చెమటతో తడుస్తుంది.

అసలు కష్టం ఆ చెమటతోనే. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి దాదాపు 2,400 జౌళ్ల వేడి కావాలి. లోపలి బట్టల్లో 100 గ్రాముల చెమట ఇంకిందనుకుందాం, అది ఓ టీ గ్లాసుడు కూడా ఉండదు. అది ఆరాలంటే 2,40,000 జౌళ్లు. 100 వాట్ల ఒళ్లు 40 నిమిషాలు పాటుపడి పుట్టించే వేడి మొత్తం అంతే. అందులో సగమే ఒంటి నుంచి పోయిందనుకున్నా, కదలకుండా కూర్చున్నవాడికి అది పెద్ద నష్టం. పైగా బట్ట వెచ్చగా ఉండేది పోగుల వల్ల కాదు, వాటి మధ్య చిక్కుకుని నిలిచిన గాలి వల్ల. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని దాటిస్తుంది. పోగుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరాక ఎంత దళసరి బట్టయినా దండగే.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు బయల్దేరేటప్పుడు కాస్త వణుకుతూనే బయల్దేరతారు. ఒంటి మీద పల్చటి లోపలి పొర, దాని పైన ఒక తేలికపాటి పొర. దళసరి కోటు, లోపల దూది లాంటి కూరు ఉన్న ప్యాంటు సంచిలోనో సంచి మీద కట్టో వెళ్తాయి. మంచె దగ్గరికి చేరాక వెంటనే తొడుక్కోరు. ఒళ్లు చల్లారేదాకా, చెమట కొంత ఎగిరిపోయేదాకా ఆగుతారు. కొందరు తడిసిన లోపలి చొక్కాను అక్కడే మార్చేస్తారు కూడా. మైనస్ 5లో చొక్కా విప్పడం పిచ్చిపని అనిపించొచ్చు గానీ పైన చెప్పిన జౌళ్ల లెక్క చూస్తే అదే తెలివైన పని.

ఒంటిని అంటుకునే పొర ఏ పోగుదైతే మంచిది? పత్తి మాత్రం వద్దు. పత్తి ప్రాణం తీస్తుందన్నది అక్కడ కొండలెక్కేవాళ్లలో వాడుకలో ఉన్న మాట. మన పత్తి రైతు వింటే నొచ్చుకుంటాడు, కానీ గుంటూరు ఎండలో వరమయ్యే గుణమే అక్కడ శాపమవుతోంది. పత్తి నీటిని ఇష్టంగా తాగుతుంది, మెల్లగా వదులుతుంది. ఒంటికి అంటుకుని గంటల తరబడి చల్లబరుస్తూనే ఉంటుంది. పాలిస్టర్ తీరు వేరు. దాని పోగు తన బరువులో అర శాతం తేమను కూడా లోపలికి రానివ్వదు. చెమట పోగుల వెంబడి పాకి పై పొరకు చేరి, అక్కడ ఆరిపోతుంది.

ఉన్ని ఈ రెండింటికీ భిన్నం, నా మటుకు అన్నిటికంటే గడుసుది. పోగు పైభాగం నీటి చుక్కను తోసేస్తుంది, లోపలి భాగం ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో మూడో వంతు దాకా తేమను దాచుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. ఆ తేమను పీల్చుకునేటప్పుడు కొంచెం వేడి కూడా విడుదలవుతుంది. పోగులు వంకులు తిరిగి ఉంటాయి కాబట్టి తడిసినా చదునుగా అణగిపోవు, గాలి గదులు పూర్తిగా మూసుకుపోవు. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన గొంగడిని తెలంగాణ కురుమలు వానలోనూ కప్పుకుని మందల వెంట తిరగగలిగింది ఈ గుణాల వల్లే. గొంగడి గరుకు, ఒంటికి గుచ్చుకుంటుంది. అదే గుణాలున్న మెరినో ఉన్ని పోగు చాలా సన్నం, అందుకే చర్మానికి ఆనుకునే పొరగా పనికొస్తుంది.

మధ్య పొరగా ఫ్లీసు అనే నూగు బట్ట, ఉన్ని, పక్షి ఈకల కూరు ఉన్న కోటు, ఏదైనా నడుస్తుంది. తూకానికి ఈకలంత వెచ్చనిది మరొకటి లేదు, తడిస్తే అంత పనికిమాలినదీ లేదు. నడకలో తొడగకుండా సంచిలో పొడిగా మోసుకెళ్లేవాడికి ఆ భయం తక్కువ.

ఇక గాలి. 1940ల తొలినాళ్లలో అంటార్కిటికాలో పాల్ సైపల్, చార్లెస్ పాసెల్ ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి వేలాడదీసి, ఎంత గాలిలో ఎంతసేపటికి గడ్డకడతాయో గమనించారు. గాలి చలి లెక్కలకు అదే మొదలు. 2001లో అమెరికా, కెనడా సవరించిన సూత్రం ప్రకారం మైనస్ 10 డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, కప్పని ముఖానికి అది మైనస్ 20 లాగే. మంచె ఎత్తున పొదల చాటు ఉండదు, నేల మీద కంటే గాలి ఎక్కువ. వట్టి ఫ్లీసులోంచి గాలి నేరుగా దూరిపోయి లోపలి వెచ్చటి గాలిని తోసేస్తుంది.

పర్వతారోహకుడికి దీనికి జవాబు సిద్ధంగా ఉంది. 1969లో బాబ్ గోర్ ఒక ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా సాగదీసి కనిపెట్టిన గోర్‌టెక్స్ రకం పొర. దాని సన్నటి రంధ్రాల్లోంచి ఆవిరి బయటికి పోతుంది, నీటి చుక్క లోపలికి రాదు. కానీ అలాంటి గట్టి గుడ్డ చేయి ఎత్తితే గరగరలాడుతుంది. జింకకు ఆ చప్పుడు చాలు. అందుకే వేట కోట్లలో గాలిని ఆపే పొరను లోపల దాచి, బయట మెత్తటి ఫ్లీసో ఉన్నో అతికిస్తారు. వాన నుంచి రక్షణ కొంత తగ్గినా మౌనం మిగులుతుంది.

రంగు విషయంలో చట్టం ఒకటి అడుగుతుంది, జింక కన్ను మరొకటి అడుగుతుంది. తోటి వేటగాడి తూటా తగలకుండా నడుము పైనుండే బయటి దుస్తుల్లో కనీసం సగం మెరిసే నారింజ రంగులో ఉండాలన్నది విస్కాన్సిన్ నిబంధన. 2016 నుంచి మెరిసే గులాబీ రంగునూ ఒప్పుకున్నారు. అంత కొట్టొచ్చే రంగు జింకను బెదరగొట్టదా? జింక కంట్లో రంగును గుర్తించే కణాలు మనకున్నట్టు మూడు రకాలు కావు, రెండే. ఎరుపు వైపు కాంతిని పట్టేవి లేవు. నారింజ దానికి మసక రంగు. నీలం వైపు మాత్రం అది బాగా చూస్తుంది. బట్టలకు తెల్లదనం తెచ్చే డిటర్జెంట్లలోని రసాయనాలు అతినీలలోహిత కాంతిని మింగి నీలంగా వెదజల్లుతాయి. మురికి కోటు వేసుకున్నవాడి కంటే తళతళలాడేలా ఉతికి తొడుక్కున్నవాడే జింకకు ముందు కనబడే అవకాశం ఉందన్నమాట. నారింజ నిబంధనతో పొరల మీద ఇంకో షరతు పడుతుంది. మంచె మీద కోటు తొడిగాక కూడా నారింజ కనబడాలి కనుక ఆ రంగు చొక్కా కోటు మీద పట్టేంత వదులుగా కుట్టినదై ఉండాలి. పడిపోకుండా చెట్టుకు కట్టుకునే పట్టీలు లోపలుంటే వాటి తాడు బయటికి రావడానికి కోటు వీపున చీలిక ఉండాలి. కోటు తొడగడానికని ఆ పట్టీ విప్పడం ప్రాణాంతకం.

తల నుంచి ఒంటి వేడిలో సగం పోతుందన్న మాట ఇంకా తిరుగుతూనే ఉంది. అది అబద్ధం. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు అమెరికా వైద్యులు దాన్ని తోసిపుచ్చారు. ఒంటి ఉపరితలంలో తల వాటా పదో వంతు, పోయే వేడీ ఇంచుమించు అంతే. చలికి చేతివేళ్ల, కాలివేళ్ల రక్తనాళాలు ముడుచుకుంటాయి గనుక ఎక్కువ బాధ అక్కడ. చలికని మూడు జతల మేజోళ్లు కుక్కితే బూటు బిగిసి, రక్తమూ అందదు, గాలి పొరా మిగలదు. మంచె అడుగు ఇనుప జాలీ అయితే కాళ్ల కింద చిన్న నురగ చాప పరిస్తే జతల కొద్దీ మేజోళ్ల కంటే మేలు. ఇనుప పొడి తుప్పు పట్టడంతో వేడి పుట్టించే చిన్న సంచులు జేబులో బాగా పనిచేస్తాయి, బిగుతు బూట్లో మొండికేస్తాయి, తుప్పుకు ఆక్సిజన్ కావాలి మరి.

జింక పడితే లెక్కంతా తిరగబడుతుంది. ఎదిగిన మగ జింక పేగులు తీశాక కూడా 60 కిలోలుండొచ్చు. దాన్ని మంచులో బండి దగ్గరికి ఈడ్చేటప్పుడు ఒళ్లు మళ్లీ 400 వాట్లు దాటుతుంది. అప్పటికి మునిమాపు అవుతుంది, సంతోషంలో కోటు విప్పడం మరిచేవాళ్లే ఎక్కువ. ఆ చెమట పట్టిన కోటు చలి గుడిసెలో రాత్రికి రాత్రే ఆరదు, వేటకింకా రోజులు మిగిలి ఉంటే పొద్దున్నే సంచిలో మోసుకెళ్లాల్సింది ఆ తడి కోటునే.