వార్తల్లో పదం: స్క్రబ్బింగ్

ఓటీపీ కోసం ఫోన్ చేతిలో పట్టుకుని ఎదురుచూస్తాం. బ్యాంకు పంపిన ఆ ఎస్సెమ్మెస్ మన దాకా రావాలంటే మధ్యలో ఒక తనిఖీ దాటాలి. అదే స్క్రబ్బింగ్. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం సంస్థలు, పంపినవారి పేరుగా కనిపించే తమ హెడర్‌నూ, సందేశం నమూనానూ టెలికాం కంపెనీల డిస్ట్రిబ్యూటెడ్ లెడ్జర్ (డీఎల్‌టీ) వేదికల్లో ముందే నమోదు చేసుకోవాలి. వాక్యం నమూనాలో ఉన్నట్టే ఉండాలి. ఓటీపీ అంకెల్లాంటివి మాత్రమే మారొచ్చు. తేడా వస్తే సందేశం అక్కడే ఆగిపోతుంది.

2021 మార్చి 8న దీన్ని గట్టిగా అమలుచేస్తే చాలామందికి ఓటీపీలే రాలేదు. మర్నాడే ట్రాయ్ వారం రోజులు ఆపించింది. పాపం, నమూనాలు సరిగా నమోదు చేయనిది సంస్థలు, ఇబ్బంది పడింది జనం!

ఈ నిబంధనల 2025 సవరణతో హెడర్ చివర ఒక అక్షరం చేరింది: ప్రచారానికి పీ, సేవలకు ఎస్, లావాదేవీలకు టీ, ప్రభుత్వానికి జీ. పీ కనిపిస్తే తెరవకుండానే తీసెయ్యొచ్చు.